వేరియబుల్ ఎవరి ఇంట్లో ఉంది?

నియోవిమ్ ఎడిటర్‌ను తనకు నచ్చినట్టు మలుచుకుంటున్న ఒక విద్యార్థి తన సెట్టింగుల ఫైలును నాకు పంపాడు. ‘ఎక్కడా తప్పు చూపించడం లేదండీ, కానీ ఏమీ మారడం లేదు’ అన్నాడు. ఫైలు చూశాను. విమ్.జీ అనే చోట ఒక ప్లగిన్‌కు, అంటే ఎడిటర్‌కు అదనంగా జోడించిన చిన్న ప్రోగ్రాంకు చెందిన సెట్టింగుల టేబుల్ (పేర్లకు విలువలు జతచేసి దాచే పట్టిక) ఉంది. అందులో ఒక్క గడి విలువను మారుస్తూ అతను లువా భాషలో ఒక వాక్యం రాశాడు. వాక్యంలో దోషం లేదు. లువా దాన్ని యథాతథంగా అమలు చేసింది. కొత్త విలువ ఒక టేబుల్‌లోకి చేరింది కూడా. అయితే ఆ టేబుల్ ఎడిటర్‌ది కాదు. ఆ క్షణానికి పుట్టి, వాక్యం ముగియగానే ఎవరికీ అక్కర లేకుండా పోయిన నకలు.

ఈ సమస్య ఆ విద్యార్థి ఒక్కడిది కాదు. నియోవిమ్ సహాయ పత్రాల్లోనే దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరిక ఉంది. ఒక పెద్ద ప్రోగ్రాం తన లోపల చిన్న స్క్రిప్టు భాషను పెట్టుకున్న ప్రతిచోటా, ఆటల్లో, ఎడిటర్లలో, డేటాబేసుల్లో, చివరికి వికీపీడియాలో కూడా, ఇదే చిక్కు వేరువేరు వేషాల్లో ఎదురవుతుంది. పెద్ద ప్రోగ్రాంను హోస్ట్ అంటారు. హోస్ట్‌కూ స్క్రిప్టుకూ మధ్య ‘వేరియబుళ్లను పంచుకోవడం’ అని మనం మాట్లాడుకుంటాం (వేరియబుల్ అంటే విలువను పేరు పెట్టి దాచుకునే చోటు). చిక్కు ఆ మాటలోనే ఉందని నా నమ్మకం. నిజానికి వేరియబుల్‌ను ఎవరూ పంచుకోరు. ప్రతి విలువకూ ఒక ఇల్లు ఉంటుంది. అవతలి వైపు వాళ్లు దాని నకలు తెచ్చుకుంటారు, లేదా అవసరమైన ప్రతిసారీ వచ్చి ఆ ఇంటి తలుపు తడతారు.

పొరుగింటి నుంచి తోడు తెచ్చుకుని పాలలో వేస్తాం. తెల్లారేసరికి తోడుకున్న పెరుగు మనది. మన పెరుగు పులిసిపోయినా పొరుగింటి పెరుగుకు ఏమీ కాదు. ఆ విద్యార్థి తన గిన్నెలో ఉప్పు కలిపి, పొరుగింటి గిన్నె ఉప్పగా మారుతుందని ఎదురుచూశాడు.

రెండు లోకాలు

హోస్ట్ సీ భాషలో రాసిందని అనుకుందాం. సీలో ‘వేగం’ అనే వేరియబుల్ అంటే మెమరీలో ఒక చోటు. అందులో పూర్ణాంకం ఉంటుందా, దశాంశం ఉంటుందా అన్నది కంపైల్ చేసేటప్పుడే, అంటే కోడ్‌ను యంత్రభాషలోకి మార్చేటప్పుడే తేలిపోతుంది. కంపైల్ అయ్యాక ఆ పేరుతో యంత్రానికి పని లేదు, చిరునామా ఉంటే చాలు. ఆ చోటును ఎప్పుడు ఖాళీ చేయాలో ప్రోగ్రామరే చెప్పాలి.

లువాలో సంగతి పూర్తిగా వేరు. అక్కడ గ్లోబల్ వేరియబుల్ (ప్రోగ్రాంలో ఎక్కడి నుంచైనా కనిపించేది) అంటే ఒక టేబుల్‌లో ఒక తాళంచెవి, విలువను వెతకడానికి వాడే పేరు. ‘వేగం’ అనే పేరు ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా బతికే ఉంటుంది. రకం వేరియబుల్‌కు ఉండదు, విలువకు ఉంటుంది. అందుకే ఇందాక అంకె ఉన్న చోట ఇప్పుడు స్ట్రింగ్ ఉండవచ్చు, మరుక్షణం ఏమీ లేకపోవచ్చు. ఇక మెమరీని ఖాళీ చేసే పని గార్బేజ్ కలెక్టర్‌ది. ఎవరూ వాడని వస్తువును అది తనకు వీలైనప్పుడు ఊడ్చేస్తుంది.

ఒకరు పేరుతో వెతుకుతారు, ఇంకొకరు చిరునామాతో వెతుకుతారు. ఒకరు తమ ఇల్లు తామే ఊడ్చుకుంటారు, ఇంకొకరికి ఊడ్చేవాళ్లు వేరే ఉన్నారు. ఇలాంటి ఇద్దరూ ఒకే వస్తువును నేరుగా పట్టుకుంటే ఎవరో ఒకరి చేయి కాలుతుంది.

లువాను తయారుచేసినవాళ్లకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. 1993లో రియో డి జనీరోలోని పాంటిఫికల్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో, టెక్‌గ్రాఫ్ అనే బృందంలో రొబెర్తో ఇయెరుసలిమ్స్కీ, లూయిజ్ ఎన్రికె డి ఫిగెరెదో, వాల్దెమార్ సెలెస్ కలిసి ఈ భాషను రూపొందించారు. 1977 నుంచి 1992 వరకు బ్రెజిల్‌లో విదేశీ హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ దిగుమతిపై గట్టి ఆంక్షలు ఉండేవి. కావలసిన పనిముట్లను సొంతంగా తయారుచేసుకునే అలవాటు అక్కడ అలా బలపడింది. చమురు సంస్థ పెట్రోబ్రాస్ ఇంజినీర్ల కోసం ఆ బృందం అప్పటికే రెండు చిన్న భాషలు రాసింది. వాటిలో ఒకదాని పేరు సోల్, పోర్చుగీసులో సూర్యుడు. ఆ రెండింటి స్థానంలో వచ్చినదానికి లువా, అంటే చంద్రుడు అని పేరు పెట్టారు. ఇంకొకరి ప్రోగ్రాంలో ఇమిడి పనిచేయడమే దాని పుట్టుకకు కారణం. అందుకే సరిహద్దు దగ్గర ఇచ్చిపుచ్చుకునే పద్ధతి మీద వాళ్లు ఏళ్ల తరబడి ఆలోచించారు.

మధ్యలో ఒక అరుగు

2000లో వచ్చిన లువా 4.0తో ఆ పద్ధతికి ఇప్పుడు మనం చూస్తున్న రూపం వచ్చింది. సీ వైపు నుంచి ఏ లువా విలువనూ నేరుగా చేత్తో పట్టుకునే వీలు లేదు. మధ్యలో ఒక స్టాక్ ఉంటుంది. రెండిళ్ల మధ్య అరుగు లాంటిదది. ఇవ్వదలచింది అక్కడ పెట్టాలి, కావలసింది అక్కడి నుంచి తీసుకోవాలి.

‘వేగం’ అనే గ్లోబల్ విలువ హోస్ట్‌కు కావాలంటే, ఆ పేరు చెప్పి అడగాలి. లువా ఆ విలువను అరుగు మీద పెడుతుంది. అది అంకేనా, స్ట్రింగా, నిల్ అనే శూన్యమా అని హోస్ట్ ముందు పరీక్షించాలి. అంకె అయితే దాని విలువను తన వేరియబుల్‌లోకి రాసుకుని, అరుగును ఖాళీ చేయాలి. స్క్రిప్టుకు ఏదైనా ఇవ్వాలన్నా ఇంతే, దిశ మాత్రం తిరగబడుతుంది. హోస్ట్ విలువను అరుగు మీద పెట్టి, ‘దీన్ని ఫలానా పేరుతో దాచు’ అంటుంది.

రకాన్ని పరీక్షించే మెట్టును చాలామంది దాటవేస్తారు. స్క్రిప్టు రాసినవారు పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే లువా ఫిర్యాదు చేయదు. లేని గ్లోబల్‌ను అడిగితే నిల్ ఇస్తుంది. ఆ నిల్‌ను అంకెగా మార్చమని అడిగితే వచ్చేది సున్నా. వేగం సున్నా అని నమ్మి హోస్ట్ ముందుకు సాగిపోతుంది. తప్పు జరిగిన చోటుకూ అది బయటపడిన చోటుకూ మధ్య అంత దూరం ఏర్పడితే వెతకడం చాలా కష్టం.

అంకెల్లో ఇంకో గుంట ఉంది. 2015లో 5.3 వచ్చేవరకు లువాలో ప్రామాణికంగా పూర్ణాంకాలే లేవు, అంకెలన్నీ మామూలుగా డబుల్ అనే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలోనే ఉండేవి. ఆ పద్ధతిలో 2కు 53వ ఘాతం, అంటే 9007199254740992 దాటాక ప్రతి పూర్ణాంకానికీ చోటు ఉండదు. హోస్ట్ 9007199254740993 అనే గుర్తింపు సంఖ్యను స్క్రిప్టుకు ఇస్తే, అక్కడ చివరి 3 కాస్తా 2 అవుతుంది. రెడిస్ అనే డేటాబేసు లోపల, వికీపీడియా లోపల ఉన్నది ఇప్పటికీ 5.1 తరం లువాయే కాబట్టి దీన్ని పాత కథ అని వదిలేయలేం. పెద్ద గుర్తింపు సంఖ్యలను స్ట్రింగ్‌గా పంపడమే క్షేమం.

స్ట్రింగ్ దగ్గర నాకు స్వయంగా దెబ్బ తగిలింది. హోస్ట్ నుంచి స్ట్రింగ్‌ను లువాకు ఇస్తే లువా తన సొంత నకలు రాసుకుంటుంది, భయం లేదు. తిరుగు దారిలో మాత్రం లువా నకలు ఇవ్వదు, తన ఇంట్లో ఉన్న స్ట్రింగ్ చిరునామాను చేతికిస్తుంది. ఆ స్ట్రింగ్ అరుగు మీద ఉన్నంతవరకే ఆ చిరునామాకు హామీ. నేను చిరునామాను భద్రంగా ఒక స్ట్రక్ట్‌లో (సీలో కొన్ని విలువలను కలిపి ఉంచే చోట) దాచుకుని, స్ట్రింగ్‌ను అరుగు మీద నుంచి తీసేశాను. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఆ స్ట్రింగ్‌ను స్క్రిప్టులో ఇంకెక్కడో కూడా వాడుతున్నారు. ఒకరోజు స్క్రిప్టులోంచి ఆ వాడకం తొలగించారు. గార్బేజ్ కలెక్టర్ తన పని తాను చేసింది. ఆ ప్రోగ్రాం నడిచే పరికరం తెర మీద స్టేషన్ పేరుకు బదులు చెత్త అక్షరాలు వచ్చాయి. మూడు రోజులు తెర డ్రైవర్‌ను అనుమానించాను. అప్పటి నుంచి అరుగు మీద ఉండగానే స్ట్రింగ్‌ను నా సొంత మెమరీలోకి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను.

తలుపు తట్టే పద్ధతి

విడి విలువలకు నకలు సరిపోతుంది. కానీ ఆటలో ఒక పాత్ర ఉందనుకుందాం, దానికి స్థానం, బలం, చేతిలో ఆయుధం లాంటి వంద లక్షణాలు ఉన్నాయి. సెకనుకు 60 సార్లు ఆ వందనూ టేబుల్‌గా రాసి స్క్రిప్టుకు పంపడం వృథా. పైగా స్క్రిప్టు చూసేసరికి అవి పాతబడిపోవచ్చు కూడా.

ఇలాంటి చోట లువాలో యూజర్‌డేటా అనే వస్తువును ఇస్తారు. స్క్రిప్టుకు అది పాత్రలాగే కనిపిస్తుంది, కానీ దాని లోపల లక్షణాలేవీ ఉండవు. అసలు పాత్ర ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే ఉంటుంది. దానికి మెటాటేబుల్ అనే నియమావళిని జతచేస్తారు. స్క్రిప్టు ‘పాత్ర.బలం’ అని అడగ్గానే లువా ఆ నియమావళి చూసి హోస్ట్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ అసలు పాత్ర దగ్గరికి వెళ్లి, ఆ క్షణంలో ఉన్న బలాన్ని తెచ్చి ఇస్తుంది. ‘పాత్ర.బలం = 50’ అని రాస్తే రాయడానికి ఉద్దేశించిన ఇంకో ఫంక్షన్ పిలుపందుకుంటుంది. బలం 100 దాటకూడదనే నియమం ఉంటే దాన్ని అమలు చేయవలసిన చోటు ఇదే.

ఇప్పుడు ఆ విద్యార్థి సమస్యకు తిరిగి వద్దాం. నియోవిమ్ హోస్ట్ చేతిలో ఉన్న వేరియబుళ్లకు విమ్.జీ ఇలాంటి తలుపే. ‘విమ్.జీ.పేరు = విలువ’ అని ఒక్క మెట్టు రాస్తే, రాసే ఫంక్షన్‌కు పిలుపు వెళుతుంది, హోస్ట్‌లో విలువ మారుతుంది. అందుకే ఇది పనిచేస్తుంది. కానీ ‘విమ్.జీ.సెట్టింగులు.రంగు = విలువ’ అని రెండు మెట్లు రాస్తే లువా దాన్ని వేరుగా చదువుతుంది. మొదట ‘విమ్.జీ.సెట్టింగులు’ చదవాలి, ఇది చదివే పిలుపు. హోస్ట్ తన నిఘంటువును చూసి కొత్త లువా టేబుల్ కట్టి ఇస్తుంది. ఆ తరువాత వచ్చే ‘.రంగు = విలువ’ ఆ కొత్త టేబుల్‌కే వర్తిస్తుంది. దానికి మెటాటేబుల్ లేదు, హోస్ట్‌కు కబురు అందదు. తలుపు మొదటి మెట్టు దగ్గరే ఉంది. రెండో మెట్టు దాటినవారు అప్పటికే నకలు లోపల ఉన్నారు.

రెండు వాక్యాలూ చూడడానికి ఒకేలా ఉంటాయి, ఒకటి పనిచేస్తుంది, రెండోది నిశ్శబ్దంగా ఓడిపోతుంది. 2021లో 0.5 వెర్షన్‌తో లువా నియోవిమ్‌లో ముఖ్య భాష అయ్యాక వేలమంది మొదటిసారి లువా రాయడం మొదలుపెట్టింది ఇలాంటి ఫైళ్లలోనే. వాళ్ల అవగాహనను తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. రాసే అవకాశం లేని టేబుల్‌ను హోస్ట్ ఇచ్చినప్పుడు, దానికి రాయబోతే తప్పు చూపించే మెటాటేబుల్ కూడా జతచేసి ఉంటే ఈ అయోమయం ఉండేది కాదు. అలా చేస్తే నకలును సొంతానికి వాడుకునే స్వేచ్ఛ పోతుంది, నిజమే. అయినా నిశ్శబ్దం కన్నా గట్టిగా వినిపించే తప్పే మేలు.

తలుపు పద్ధతికి దాని సొంత ప్రమాదం ఉంది. పాత్ర ఆటలో చనిపోయింది, హోస్ట్ దాని మెమరీని ఖాళీ చేసింది. కానీ స్క్రిప్టు తన టేబుల్‌లో ఆ యూజర్‌డేటాను ‘నా శత్రువు’ అని దాచుకుని ఉంది. రేపు వచ్చి ‘శత్రువు.బలం’ అని అడిగితే, తలుపు ఉంది, వెనక ఇల్లు లేదు. ప్రోగ్రాం కూలిపోతే అదృష్టమే, ఆ చోట ఇప్పుడు ఇంకో పాత్ర ఉంటే దాని బలం చెబుతుంది. అందుకని యూజర్‌డేటాలో నేరుగా చిరునామా పెట్టకుండా వరుస సంఖ్య, దానితోపాటు ‘ఇది ఆ చోట ఎన్నో తరం’ అనే సంఖ్య కలిపి పెట్టడం నేను ఇష్టపడే పద్ధతి. ప్రతి పిలుపులో తరం సరిపోలిందా అని చూసి, లేకపోతే స్క్రిప్టుకు స్పష్టమైన తప్పు చూపించవచ్చు.

ఇదే చిక్కు రెండోవైపు నుంచి కూడా వస్తుంది. స్క్రిప్టు ఒక ఫంక్షన్‌ను హోస్ట్‌కు ఇచ్చి ‘బటన్ నొక్కినప్పుడు దీన్ని పిలువు’ అంటుంది. హోస్ట్ దాన్ని ఎక్కడ దాచాలి? సీ వేరియబుల్‌లో దాచడం కుదరదు. దానికి లువాలోనే రిజిస్ట్రీ అనే ప్రత్యేక టేబుల్ ఉంది. విలువను అందులో పెడితే హోస్ట్‌కు ఒక సంఖ్య రసీదులా వస్తుంది. రసీదు ఉన్నంతవరకు గార్బేజ్ కలెక్టర్ ఆ ఫంక్షన్ జోలికి రాదు. పని అయ్యాక రసీదు తిరిగి ఇవ్వడం మరిచిపోతే మాత్రం ఆ మెమరీ అలాగే మిగిలిపోతుంది.

నిజమైన పంపకానికి దగ్గరగా వచ్చినది

నాకు తెలిసినంతలో ‘పంచుకోవడం’ అనే మాటకు అందరికన్నా దగ్గరగా వెళ్లింది టికిల్ భాష. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ దీన్ని మొదలుపెట్టిన ఉద్దేశం కూడా అదే, ఏ ప్రోగ్రాంలోనైనా ఇమిడిపోయే ఆదేశాల భాష. దాని సీ లైబ్రరీలో వేరియబుల్‌ను జోడించే ఫంక్షన్ ఒకటి ఉంది. హోస్ట్‌లోని పూర్ణాంకం చిరునామా, స్క్రిప్టులో దానికి ఉండవలసిన పేరు చెబితే చాలు. అక్కడి నుంచి స్క్రిప్టు ఆ పేరు చదివితే హోస్ట్‌లోని తాజా విలువ వస్తుంది, రాస్తే హోస్ట్‌లోని పూర్ణాంకం మారుతుంది. అంకె ఉండవలసిన చోట ‘పది’ అని అక్షరాలతో రాస్తే తప్పు చూపించి పాత విలువనే నిలుపుతుంది. చదవడానికి మాత్రమే అనే షరతు కూడా పెట్టవచ్చు.

లోపల జరిగేది మాత్రం తలుపు తట్టడమే. వేరియబుల్‌ను చదివేటప్పుడు, రాసేటప్పుడు మేలుకొనే కాపలా ఫంక్షన్ల మీద ఇది నిలబడింది. దాని పరిమితి కూడా అక్కడే బయటపడుతుంది. తెర మీద ఒక లేబుల్‌ను ఆ వేరియబుల్‌కు ముడివేశామనుకోండి. సీ కోడ్ పూర్ణాంకాన్ని నేరుగా మార్చింది. స్క్రిప్టు వైపు ఎవరూ చదవలేదు, రాయలేదు, అందుకే కాపలా మేలుకోలేదు, లేబుల్ మీద పాత అంకె అలాగే ఉంటుంది. ‘మార్చాను’ అని హోస్ట్ విడిగా ఇంకో ఫంక్షన్ పిలిచి చెప్పాలి. ఇంత శ్రద్ధగా చేసిన చోట కూడా విలువ ఇల్లు ఒక్కటే, అది సీ వైపు ఉంది.

పంచుకోకూడదని నిర్ణయించినవాళ్లు

రెడిస్ 2012లో 2.6తో లువా స్క్రిప్టులను తెచ్చినప్పుడు దాదాపు వ్యతిరేక దారి పట్టింది. స్క్రిప్టుకు కావలసినవన్నీ కీస్, ఆర్గ్‌వీ అనే రెండు టేబుళ్లలో వస్తాయి. గ్లోబల్ వేరియబుల్ సృష్టించబోతే తప్పు చూపిస్తుంది. లోపల లువా స్థితి, అంటే లువా తన విలువలన్నీ ఉంచుకునే వాతావరణం, ఒక్కటే కాబట్టి ఒక స్క్రిప్టు వదిలిన విలువ ఇంకో స్క్రిప్టుకు తగలకూడదని ఈ నిషేధం. ఏదైనా నిలిచి ఉండాలంటే డేటాబేసులోనే రాయాలి.

తిరిగి ఇచ్చేటప్పుడు జరిగే మార్పిడి మాత్రం కఠినమైనది. స్క్రిప్టు 3.99 తిరిగి ఇస్తే అవతల అందేది 3. ధర లెక్కించే స్క్రిప్టు రాసేవారు ఇది గుర్తుంచుకోవాలి, దశాంశాలు కావాలంటే స్ట్రింగ్‌గా ఇవ్వాలి. జాబితా మధ్యలో నిల్ ఉంటే జాబితా అక్కడితో ఆగిపోతుంది, తరువాతి విలువలు అందవు.

తెలుగు వికీపీడియా చదివే ప్రతి ఒక్కరూ తెలియకుండానే ఇంకో సరిహద్దును దాటుతున్నారు. వ్యాసం పక్కన కనిపించే సమాచారపెట్టెల్లో చాలావాటి వెనక ‘మాడ్యూల్’ పేజీల్లో ఉన్న లువా కోడ్ పనిచేస్తుంది. హోస్ట్ వికీపీడియాను నడిపే, పీహెచ్‌పీ భాషలో రాసిన మీడియావికీ. మధ్యవర్తి 2013లో వికీపీడియాలకు వచ్చిన స్క్రిబుంటో అనే పొడిగింపు. మూస (టెంప్లేట్) నుంచి మాడ్యూల్‌కు వెళ్లే ప్రతి విలువా స్ట్రింగే. జనాభా అని 52000 రాసినా అది అక్షరాలుగానే చేరుతుంది. ఎవరైనా ఒక పారామీటర్ పేరు రాసి, విలువ ఖాళీగా వదిలితే చేరేది నిల్ కాదు, ఖాళీ స్ట్రింగ్. పీహెచ్‌పీలో ఖాళీ స్ట్రింగ్ అసత్యం కిందికి వస్తుంది. లువాలో నిల్, ఫాల్స్ తప్ప అన్నీ సత్యమే, సున్నా కూడా. అందుకే ‘పారామీటర్ ఉంటే చూపించు’ అని రాసిన కోడ్, విలువ లేని గడిని పెట్టెలో ఖాళీగా చూపిస్తుంది. సమాచారపెట్టెలో అలాంటి ఖాళీ వరుస కనిపించినప్పుడు ముందు వెతకవలసింది ఇక్కడే.

మాడ్యూల్‌ను పిలిచిన ప్రతిసారీ కొత్త వాతావరణం. ఒక పిలుపులో పెట్టిన వేరియబుల్ అదే పేజీలోని తరువాతి పిలుపుకు కనిపించదు. పెద్ద సమాచార పట్టికను ప్రతిసారీ మళ్లీ కట్టుకోవడం భారం కాబట్టి పేజీకి ఒక్కసారే లోడ్ చేసుకుని అన్ని పిలుపులూ చదువుకునే సదుపాయం ఒకటి ఇచ్చారు. అందులో ఫంక్షన్లు ఉండకూడదు, ఎవరూ రాయకూడదు. చదవడానికి మాత్రమే అన్న షరతు మీదే ఆ ఉమ్మడితనం సురక్షితంగా నిలబడింది.

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఇంకో సంగతి ముఖ్యం. ‘తెలుగు’ అనే మాట పొడవెంత అని లువాను నేరుగా అడిగితే 18 అంటుంది. అది బైట్లను లెక్కపెట్టింది, యూటీఎఫ్-8లో మన ప్రతి యూనికోడ్ సంకేతానికీ 3 బైట్లు. స్క్రిబుంటో ఇచ్చే యూనికోడ్ లైబ్రరీని అడిగితే 6 అంటుంది. మన కంటికి మాత్రం కనిపించేవి 3 అక్షరాలే. స్ట్రింగ్ సరిహద్దును ఒక్క బైటు కూడా పోకుండా దాటింది, అయినా అటూ ఇటూ ‘అక్షరం’ అన్న మాటకు అర్థం వేరు. యూనికోడ్ లైబ్రరీతో మొదటి ఒక్కటి కోసినా ‘తె’ రాదు, ఎత్వం ఊడిపోయి ‘త’ వస్తుంది. ఆంగ్ల వికీ నుంచి తెచ్చుకున్న మాడ్యూళ్లను వాడే ముందు పొడవును కొలిచే, మొదటి అక్షరాన్ని కోసే వరుసలను విడిగా పరీక్షించమని నేను అందరినీ అడుగుతుంటాను.

థ్రెడ్ల గురించి, అంటే ఒకే ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనుల గురించి ఒక్క మాట. ఒక లువా స్థితిని రెండు థ్రెడ్లు ఒకేసారి ముట్టుకోకూడదు. థ్రెడ్‌కు ఒక స్థితి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు, కానీ వాటి మధ్య విలువలు దాటాలంటే మళ్లీ నకలే, అదీ చేత్తో రాయవలసిందే.

ఆ విద్యార్థికి నేను పంపిన సవరణ మూడు వరుసలు. విమ్.జీ నుంచి టేబుల్‌ను ఒక లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చుకో, అందులో రంగు మార్చు, మొత్తం టేబుల్‌ను తిరిగి విమ్.జీకి అప్పగించు. పనిచేసింది. రెండు రోజులకు అతనే ఇంకో ప్రశ్న పంపాడు. మొదటి వరుసను ఫైలు మొదట్లో పెట్టి, మిగతా రెండింటినీ మీట నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లో పెడితే, ఈలోగా ఇంకో ప్లగిన్ అదే టేబుల్‌లో వేరే గడి మార్చి ఉంటే ఏమవుతుంది? ఆ మార్పు పోతుంది. మన పాత నకలు దాన్ని కప్పేస్తుంది. రెడిస్‌లో ఒక స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ ఇంకే ఆదేశమూ మధ్యలో దూరదు కాబట్టి అక్కడ చదివి, మార్చి, రాయడం ఒకే స్క్రిప్టులో సురక్షితం. ఎడిటర్‌లో ఆ హామీ లేదు. అందుకని మూడు వరుసలనూ ఒకే చోట, ఫంక్షన్ లోపలే ఉంచమన్నాను.